చెత్తకుప్ప మీద మళ్లీ మొలిచిన డాలియా

దక్షిణ ఒడిశాలోని కొరాపుట్, జయపురం, సునాబేడా పట్టణాల్లో తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే వీధుల్లో, సంక్రాంతి దాటి పది పదిహేను రోజులు గడిచేసరికి పెరటి గోడల అవతల ఏటా ఒకే దృశ్యం కనిపిస్తుంది. కార్తీకం నుంచి పూసిన చామంతులు ఎండి గోధుమరంగుకు తిరుగుతాయి, డాలియా కాడలు నల్లబడి వాలిపోతాయి, పండగ గుమ్మాలకు పూలన్నీ ఇచ్చేసిన బంతి మొక్కలు మోడులై మిగులుతాయి. కుండీ ఖాళీ చేయాలి కనుక మట్టిగడ్డతో సహా వాటిని పెకలించి చెత్తకుప్ప మీదికో, గత్తపు (పెంట ఎరువు) గుంట అంచుకో విసిరేస్తారు. ఆ తర్వాత నాలుగైదు నెలలు వాటి వైపు ఎవరూ చూడరు. మృగశిర కార్తెలో రెండు మంచి వానలు పడ్డాక ఆ కుప్ప అంచున చిటికెనవేలంత లావు మొలక ఒకటి నేలను చీల్చుకుని పైకి వస్తుంది. వారం తిరక్కుండానే అది డాలియా అని ఆకు చెబుతుంది. ఇంట్లో భద్రంగా దాచి, వేసవంతా నీళ్లు పోస్తూ వచ్చిన కుండీలోని దుంప మాత్రం తవ్వి చూస్తే మెత్తబడి కుళ్లిపోయి ఉంటుంది.

ఈ సంగతి గమనించినవారు దాన్ని మొక్క మొండితనానికో, చెత్తకుప్పలోని ఎరువు బలానికో ముడిపెడతారు. కానీ రెండు దుంపలదీ ఒకే జాతి, కొన్నది ఒకేచోట, గడిపింది ఒకే చలికాలం. కాబట్టి మొండితనం ఒకదానికి ఉండి రెండోదానికి లేకపోవడం కుదరదు. ఎరువు బలం కూడా మొలిచిన తర్వాత పనికొచ్చేదే తప్ప, నిద్రపోతున్న దుంపకు దానితో అవసరం లేదు. రెండింటి మధ్య గట్టి తేడా ఒక్కటే: ఒకదానికి మనిషి సంరక్షణ అందింది, మరొకదానికి అందలేదు. కొరాపుట్ పీఠభూమి వంటి చోట పారేసిన తోటమొక్క బతకడానికి ముఖ్య కారణం ఆ సంరక్షణ అందకపోవడమే. ఇది ఎలా జరుగుతుందో తెలియాలంటే ముందు ఇక్కడి చలికాలం ఎలాంటిదో తెలియాలి.

తూర్పు కనుమల మీద సుమారు 900 మీటర్ల ఎత్తున కొరాపుట్, సునాబేడా, సెమిలిగుడ ఉన్నాయి. వాటికి దిగువ మెట్టు మీద, సుమారు 600 మీటర్ల ఎత్తున జయపురం ఉంది. ఒడిశాలో అన్నిటికంటే ఎత్తైన దేవమాలి శిఖరం, 1672 మీటర్లు, ఈ జిల్లాలోనే ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేదాకా జయపురం సంస్థానం మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లా ఏజెన్సీలో భాగంగా ఉండేది; కార్తెల లెక్కన విత్తనం వేసే మాట, పెరట్లో గత్తపు గుంట తవ్వే అలవాటు ఇక్కడి తెలుగు ఇళ్లలో నిలవడం వెనుక ఆ చరిత్ర ఉంది. డిసెంబరు, జనవరి నెలల్లో ఎత్తు ప్రాంతాల్లో రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల కిందికి దిగడం మామూలే, చలిగాలులు బలంగా వీచిన రోజుల్లో ఐదు డిగ్రీల దరిదాపులకూ వస్తుంది. అయినా పగలు ఎండ కాస్తుంది, మధ్యాహ్నానికి చొక్కా చేతులు మడిచే వేడి ఉంటుంది. ఏడాదికి కురిసే సుమారు 1500 మిల్లీమీటర్ల వానలో చాలా భాగం జూన్, సెప్టెంబరు నెలల మధ్యనే పడిపోతుంది కనుక, నవంబరు చివరి నుంచి ఏప్రిల్ దాకా నేల ఎండుతూనే ఉంటుంది. ఈ పీఠభూమి చలికాలానికి చలి ఎంత గుర్తో, తడి లేకపోవడమూ అంతే గుర్తు. తోట పని చేసేవారు మొదటిదాన్ని గుర్తుపెట్టుకుని రెండోదాన్ని మరిచిపోతారు.

చలి మొక్కను రెండు రకాలుగా దెబ్బతీస్తుంది, ఆ రెండింటినీ కలిపి చూడటం వల్ల చాలా గందరగోళం పుడుతుంది. మొదటిది నీరు గడ్డకట్టడం వల్ల కలిగే నష్టం. ఆకు ఉష్ణోగ్రత సున్నాకు దిగువకు పోయినప్పుడు కణాల మధ్య ఉండే నీరు ముందు గడ్డకడుతుంది, ఆ మంచు కణాల లోపలి నీటిని బయటకు లాగేస్తుంది, కణం దాహంతో ముడుచుకుపోయి దాని పొర చిట్లుతుంది. తెల్లారాక మంచు కరిగితే ఆకు ఉడికిన పాలకూరలా వాలిపోయి మధ్యాహ్నానికి నల్లబడుతుంది. గాలి ఉష్ణోగ్రత సున్నాకు రాకుండానే ఇది జరగవచ్చు. వాతావరణ కేంద్రాలు ఉష్ణోగ్రతను నేలకు సుమారు 1.2 మీటర్ల ఎత్తున, నీడ పెట్టెలో కొలుస్తాయి. గాలి కదలని, మబ్బు లేని రాత్రి ఆకాశానికి తెరిచి ఉన్న గడ్డి, ఆకు తమ వేడిని పైకి వెదజల్లి ఆ పెట్టెలోని గాలి కంటే మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువగా చల్లబడతాయి. చల్లని గాలి బరువైనది కనుక వాలు వెంట జారి పల్లంలో చేరుతుంది. అందుకే కొండవాలు మీది ఇంట్లో డాలియా పచ్చగా ఉన్న ఉదయమే, దిగువ మడి గట్టున ఉన్న ఇంట్లో అదే మొక్క నల్లబడుతుంది.

రెండోదానికి గడ్డకట్టడంతో సంబంధమే లేదు. వేడి నేలల్లో పుట్టిన మొక్కల కణాల పొరల్లో ఉండే కొవ్వు పదార్థం పది, పన్నెండు డిగ్రీల దగ్గరే గట్టిపడి, పొర పట్టు తప్పి లోపలి ద్రవాలు కారడం మొదలవుతుంది. అరటిపండును ఫ్రిజ్‌లో పెడితే తొక్క నల్లబడటం ఈ జబ్బే. కడియం నర్సరీల్లో గోదావరి ఒడ్డున పెరిగి, ఎర్రమట్టి ముద్ద చుట్టుకుని లారీల్లో పైకి వచ్చిన క్రోటన్లు, ఆకుల కోసం పెంచే కలేడియంలు మొదటి పుష్యమాసంలోనే ఆకు రాల్చడానికి కారణం ఇదే. వాటిని చూసి మొక్క చచ్చిపోయిందని పారేసే ఇళ్లు చాలా ఉన్నాయి. నిజానికి రాలింది ఆకు మాత్రమే. కాండంలోనో దుంపలోనో మొగ్గ బతికే ఉంటుంది.

మొగ్గ ఎక్కడ ఉంది అన్న ప్రశ్నే ఇక్కడ కీలకం. డెన్మార్క్ వృక్షశాస్త్రవేత్త క్రిస్టెన్ రౌంకియర్ ఇరవయ్యో శతాబ్దం తొలి సంవత్సరాల్లో మొక్కలను వర్గీకరించడానికి ఒక కొత్త పద్ధతి ప్రతిపాదించాడు. పువ్వునూ కాయనూ పక్కనపెట్టి, చెడు కాలంలో మొక్క తన రేపటి మొగ్గను ఏ ఎత్తులో దాచుకుంటుందో చూడమన్నాడు. కొన్ని చెట్లు దాన్ని గాలిలో కొమ్మ చివర ఉంచుతాయి, కొన్ని నేలను ఆనుకుని ఉంచుతాయి, కొన్ని నేల లోపల దాస్తాయి, మరికొన్ని తాము పూర్తిగా చచ్చి విత్తనంలో మాత్రమే మిగులుతాయి. ఈ చూపుతో పెరటి చెత్తకుప్పను చూస్తే చాలా విషయాలు విడివిడిగా తెలుస్తాయి. గాలిలో మొగ్గ ఉన్న మందారం వేళ్లతో సహా పెకలించి పడేస్తే వారంలో ఎండుతుంది. నేలను ఆనుకుని మొగ్గ ఉన్న చామంతి నీడ దొరికితే బతుకుతుంది. నేల లోపల మొగ్గ ఉన్న డాలియా, మెట్టతామర, చంద్రకాంత, లిల్లీ దుంపలకు విసిరివేత పెద్ద ప్రమాదం కాదు.

నేల లోపలికి చలి ఎంత చేరుతుందో లెక్కగట్టి చూడవచ్చు. పగలూ రాత్రీ నేల పైభాగంలో వచ్చే హెచ్చుతగ్గులు లోతుకు పోయేకొద్దీ త్వరగా తగ్గిపోతాయి. మామూలు తోటమట్టిలో ప్రతి పది సెంటీమీటర్లకూ అవి సుమారు మూడో వంతుకు కుదించుకుపోతాయి. జనవరిలో ఒక రోజు నేలపైన తెల్లవారుజామున ఐదు డిగ్రీలు, మధ్యాహ్నం ఇరవై తొమ్మిది డిగ్రీలు ఉన్నాయనుకుంటే, సగటు పదిహేడు, అటూ ఇటూ ఊగేది పన్నెండు. ఇరవై సెంటీమీటర్ల లోతుకు వచ్చేసరికి ఆ ఊపు సుమారు ఒకటిన్నర డిగ్రీలు మాత్రమే మిగులుతుంది. అంటే జానెడు లోతున ఉన్న దుంపకు ఆ రాత్రి పదిహేను డిగ్రీల కంటే చల్లగా ఏమీ అనిపించదు. పైన ఆకులు మాడిపోయిన తెల్లవారుజామున కింద దుంప సుఖంగా ఉండటంలో ఆశ్చర్యం లేదు. చెత్తకుప్ప మీద పడిన దుంప జానెడు లోతుకు చేరదు, నిజమే. కానీ దాని మీద మరుసటి రోజు ఎండుటాకులు, ఆ మరుసటి రోజు కొబ్బరి పీచు, పొయ్యి బూడిద పడతాయి. గాలిని పట్టి ఉంచే ఎండు చెత్త మట్టి కంటే మంచి దుప్పటి.

ఇక డాలియా కథకు వస్తే, ఈ ప్రాంతంలో దాని ప్రవర్తన అర్థం కావాలంటే దాని పుట్టిల్లు తెలియాలి. అది మెక్సికో ఎత్తు ప్రాంతాల మొక్క. అక్కడి కొండవాలుల్లో 1500 మీటర్లకు పైన అడవి డాలియాలు పెరుగుతాయి. 1963లో మెక్సికో దాన్ని జాతీయ పుష్పంగా ప్రకటించింది. పద్దెనిమిదో శతాబ్దం చివర విత్తనాలు మాడ్రిడ్ తోటకు చేరాక, 1791లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త ఆండర్స్ డాల్ పేరిట దానికి ఆ పేరు పెట్టారు. మెక్సికో నగరం అక్షాంశం సుమారు 19.4 డిగ్రీలు, కొరాపుట్‌ది సుమారు 18.8. రెండు చోట్లా పగటి పొడుగు దాదాపు ఒకటే: జూన్‌లో పదమూడు గంటలకు పైన, డిసెంబరు చివర పదకొండు గంటలు. రెండు చోట్లా వాన వేసవి మధ్యలో మొదలై శరత్తులో ఆగుతుంది, చలికాలం పొడిగా గడుస్తుంది. సముద్రాలు దాటి, యూరప్ తోటల మీదుగా ఈ కొండల మీదికి వచ్చిన మొక్క, తెలియకుండానే తన పుట్టింటి పంచాంగంలోకి తిరిగి వచ్చింది. ఈ పోలిక గురించి తోటపని చెప్పే వ్యాసాల్లో ప్రస్తావన కనిపించకపోవడం విచారించవలసిన విషయం, ఎందుకంటే డాలియాను ఇక్కడ ఎలా చూసుకోవాలన్న ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది.

పగలు పన్నెండు గంటల లోపుకు తగ్గేసరికి డాలియా తన ఆహారాన్ని వేళ్లలోకి దింపడం మొదలుపెడుతుంది. ఆ దుంపల్లో నిల్వ ఉండేది బంగాళదుంపలో ఉండే పిండి కాదు, ఇన్యులిన్ అనే మరో పదార్థం. అది విడిపోతే ఫ్రక్టోజ్ చక్కెర వస్తుంది. చలిలో దీనిలో కొంత భాగం చిన్న చక్కెరలుగా మారి కణంలోని ద్రవాన్ని చిక్కబరుస్తుంది, చిక్కని ద్రవం త్వరగా గడ్డకట్టదు. ఆకులు ఎండేసరికి దుంప నిండి, మొగ్గ నిద్రలోకి జారుతుంది. ఈ నిద్రలో దానికి కావలసింది చల్లదనం, చీకటి, కొద్దిపాటి తేమ, గాలి. నీరు వద్దు.

యూరప్ చలి ప్రాంతాల్లో నేల లోపల కూడా గడ్డకడుతుంది కనుక అక్కడి తోటమాలులు మొదటి మంచుకు ఆకు నల్లబడగానే దుంపను తవ్వి, ఇంట్లో పొడి చోట దాచి, వసంతంలో తిరిగి నాటుతారు. ఆ సలహా అక్కడి చలికి పుట్టింది. అదే సలహా తెలుగు పత్రికల్లోకి, వీడియోల్లోకి వచ్చేసరికి ‘చలి నుంచి కాపాడండి’ అన్న ముక్క మిగిలి, ‘పొడిగా ఉంచండి’ అన్న ముక్క పలచబడింది. ఫలితంగా కొరాపుట్ ఇళ్లలో కుండీని వరండాలోకి జరిపి, పాపం ఎండిపోతుందేమో అని రెండు రోజులకోసారి చెంబెడు నీళ్లు పోస్తారు. ఆకు లేని మొక్క ఆ నీటిని పీల్చి గాలిలోకి వదలలేదు. చల్లని రోజుల్లో ఆవిరైపోయేదీ తక్కువే. ప్లాస్టిక్ కుండీ అయితే పక్కల నుంచి ఆరే దారీ ఉండదు. మట్టి రంధ్రాల నిండా నీరు నిలుస్తుంది. నిద్రలో ఉన్నా దుంప ఊపిరి తీసుకుంటూనే ఉంటుంది, ప్రాణవాయువు గాలిలో కదిలే వేగంతో పోలిస్తే నీటిలో సుమారు పది వేల రెట్లు నెమ్మదిగా కదులుతుంది. ఊపిరాడని కణాలు ముందు చస్తాయి, ఆ చోటును బ్యాక్టీరియా, బూజులు పట్టుకుని దుంపను ముద్ద చేస్తాయి. ఆ ఇంటివారు చలి వల్ల పోయిందని నమ్మి, మరుసటి ఏడాది ఇంకా ఎక్కువ నీళ్లు పోస్తారు.

చెత్తకుప్ప మీది దుంపకు ఈ బాధ లేదు. దాని చుట్టూ మట్టి తక్కువ, గాలి ఎక్కువ; వాన లేదు; నీళ్లు పోసేవారు లేరు. పైభాగం కొంత వడలిపోయినా లోపల నిండుగానే ఉంటుంది.

అయితే ప్రతి డాలియా దుంపా మొలవదు. బంగాళదుంప భూమిలో దాగిన కాండం కనుక దాని ఒంటినిండా కళ్లు ఉంటాయి; అల్లం, పసుపు కొమ్ముకు కణుపు కణుపునా మొగ్గ ఉంటుంది; చిలగడదుంప కూడా ఉబ్బిన వేరు అయినా ఎక్కడినుంచైనా కొత్త మొగ్గ పుట్టించుకోగలదు. డాలియా దుంప ఉబ్బిన వేరు మాత్రమే, దాని కళ్లన్నీ పాత కాండం మొదట్లో, మెడ దగ్గర మాత్రమే ఉంటాయి. విసిరినప్పుడు మెడ విరిగి విడిపోయిన దుంప ఏడాదంతా గట్టిగా ఉండవచ్చు, వేళ్లు కూడా పోయవచ్చు, మొలక మాత్రం ఎన్నటికీ రాదు. కాడను కోయకుండా మట్టిగడ్డతో సహా పారేసిన మొక్కలే ఎక్కువగా తిరిగి మొలవడానికి కారణం ఇదే. పెకలించి, దులిపి, ముక్కలు చేసి పారేసినవాటిలో మెడ చెదిరిపోతుంది.

ఇదంతా ఇదే జిల్లాలోని పొట్టంగి వైపు రైతులకు కొత్త సంగతి కాదు. అక్కడి ఎత్తు ప్రాంత పరిశోధన కేంద్రం నుంచి రోమా, సురోమా, రంగా, రశ్మి వంటి పసుపు రకాలు, సుప్రభ, సురుచి వంటి అల్లం రకాలు వచ్చాయి. ఆ ప్రాంతపు సేద్యంలో దుంప పంటలకు ఉన్న స్థానం అలాంటిది. మాఘంలో ఆకు ఎండిపోయిన పసుపు మడిని చూసి పంట చచ్చిందని ఏ రైతూ అనడు. ఆకు పండి ఎండటమే తవ్వకానికి గుర్తు. విత్తనానికి తీసిన దుంపను నీడలో ఆరబెట్టి, గుంటలోనో పాక మూలలోనో ఎండుటాకులు కప్పి, నీటిచుక్క తగలకుండా వేసవి దాకా ఉంచుతారు. చెత్తకుప్ప అంచున ఎండుటాకుల కింద పడి ఉన్న డాలియాకు యాదృచ్ఛికంగా దొరికినది అచ్చంగా ఇదే ఏర్పాటు. ఒకే ఊళ్లో అల్లం విత్తనం దాచడం తెలిసిన ఇల్లు డాలియాను కుళ్లబెట్టడం చూస్తే, పంటను ఒక కంటితో, పూలమొక్కను మరో కంటితో చూసే అలవాటు ఎంత నష్టం చేస్తుందో తెలుస్తుంది.

మిగతా దుంపమొక్కల గురించి ఇంత చెప్పనక్కర లేదు, సూత్రం ఒకటే. మెట్టతామర పేరులో శాస్త్రవేత్తలు ‘ఇండికా’ అని చేర్చినా అది అమెరికా ఉష్ణ ప్రాంతాలది. దాని దుంప ఎంత చిన్న ముక్కైనా కణుపు ఉంటే చాలు, తడి నేలలోనూ బతకగలదు కనుక వాడుక నీటి కాలువల పక్కన అదే గెలుస్తుంది. చంద్రకాంత తల్లివేరు ముల్లంగిలా ఉబ్బి ఏళ్ల తరబడి నిలుస్తుంది. పెద్ద ఎర్ర లిల్లీ గడ్డది దక్షిణ అమెరికా. రెండు మూడు నెలల పొడి విశ్రాంతి దొరికితేనే అది బాగా పూస్తుంది, అందువల్ల కుండీలో ఏడాదంతా తడిపిన గడ్డ ఆకులే వేస్తూ ఉంటే, గోడ అవతల పారేసిన గడ్డ ఎండాకాలంలో ఆకైనా లేకుండా కాడ ఎత్తి పూస్తుంది. రణపాలకు దుంపే అక్కరలేదు, రాలిన ఆకు అంచు గంట్లలోనే పిల్లమొక్కలు ఉంటాయి. కానీ దట్టమైన మంచు పడిన పల్లంలో అది నిలవదు.

చామంతి వేరే రకం. పూత అయ్యాక మొదలు నుంచి పిలకలు వస్తాయి. వచ్చే ఏడాది మొక్క ఆ పిలకే, పూసిన కాడ కాదు. చలికి పిలకలు నేలకు అంటుకుని గుబురుగా కూర్చుంటాయి, పగలు పెరిగాక నిటారుగా లేస్తాయి. చలి వాటికి హాని చేయదు సరికదా, ఆ తర్వాతి ఎదుగుదలకు తోడ్పడుతుంది. వాటి అసలు శత్రువు ఏప్రిల్, మే నెలలు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత ఈ పీఠభూమి మీద కొంత మెత్తబడినా, జయపురం దిగువన, రాయగడ, గుణుపురం వైపు పూర్తిగా నిజం. కాబట్టి చామంతి విషయంలో పారేసిన చోటు ముఖ్యం: పనస చెట్టు నీడన, గోడకు ఉత్తరం వైపు పడిన మొదలు మృగశిర దాకా నిలుస్తుంది, దక్షిణపు గోడ పక్కన రాళ్ల మీద పడినది ఉగాదికే పొడి అవుతుంది. చలికాలం దాటిందని సంతోషించేవారు దానికి ఇంకా పెద్ద గండం ముందుందని గుర్తించాలి.

నేల మారితే ఈ లెక్కా మారుతుంది. మహారాష్ట్ర సరిహద్దున, ఆదిలాబాద్‌ను ఆనుకుని ఉన్న కిన్వట్ వైపు చలి తక్కువేమీ కాదు, కానీ అక్కడ నల్లరేగడి నేల. కొరాపుట్ ఎర్రనేలలా అది నీటిని త్వరగా వదలదు; అందులో పూడిన దుంప వానల చివర కుళ్లడమో, వేసవిలో నేల నోళ్లు తెరిచినప్పుడు ఎండిపోవడమో జరుగుతుంది. అక్కడ కుప్ప మీద, నేలకు కాస్త ఎత్తున పడిన దుంపకే అవకాశం ఎక్కువ.

చెత్తకుప్ప ఎప్పుడూ మేలు చేస్తుందని అనుకోకూడదు. పచ్చి పేడ, పచ్చి ఆకు బాగా కలిసి, మనిషి నడుము ఎత్తుకు చేరిన కుప్ప నడుమ వేడి యాభై అయిదు నుంచి అరవై అయిదు డిగ్రీల దాకా పోతుంది; అక్కడ పడిన దుంప, గింజ, తెగులు బూజు అన్నీ ఉడికిపోతాయి. ఇంటి కుప్పలు చాలావరకు అంత పెద్దవి కావు, అంచులు ఎలాగూ చల్లగానే ఉంటాయి. అందుకే తిరిగి మొలిచినవి దాదాపు అన్నీ అంచునే కనిపిస్తాయి, నడిమధ్య కాదు. రాత్రి చలిలో కుప్ప లోపలి గోరువెచ్చదనం అంచును కొంత కాపాడుతుంది కూడా.

తిరిగి మొలిచిందని భ్రమపడే సందర్భాలూ ఉన్నాయి, వాటిని విడదీయకపోతే లెక్క తప్పుతుంది. వానలకు కుప్ప మీద లేచే బంతి, కాశీతుమ్మ, జినియా మొక్కలు పారేసిన మొక్కలు కావు, వాటి పిల్లలు. పాత మొక్క చచ్చింది, రాల్చిన గింజ మొలిచింది. మొలక అడుగున మామూలు ఆకులకు భిన్నంగా ఉండే జత బీజదళాలు కనిపిస్తే అది గింజ మొలక. దుంప మొలక మొదటినుంచీ లావుగా, నిజమైన ఆకుతోనే వస్తుంది. ఈ తేడాకు ఫలితం కూడా ఉంటుంది: సంకర రకపు బంతి గింజ నుంచి వచ్చిన మొక్క తల్లిలా పూయదు, పూవు చిన్నదై రేకులు పలచబడతాయి, దుంప నుంచి వచ్చిన డాలియా మాత్రం అచ్చంగా పాతదే. గులాబీది మరింత మోసపు సంగతి. అంటు కట్టిన గులాబీ పైకొమ్మ ఎండి, అంటు కింది మొదలు నుంచి చిగురు వస్తే, బతికింది కొన్న గులాబీ కాదు, దానికి వేరుగా వాడిన నాటు రకం. రెండేళ్లు పెంచాక చిన్న చిన్న గుత్తి పూలు చూసి నేల మారింది కాబట్టి రంగు మారిందని చెప్పుకోవడం వింటూ ఉంటాం. రంగు మారలేదు, మొక్కే వేరు.

మరో జాగ్రత్త కూడా అవసరం. కుప్ప మీద మొలిచిన ఒక్క దుంప కంటికి కనబడుతుంది, దాని పక్కనే పందికొక్కు తిన్నవి, మెడ విరిగినవి, ఎండినవి కనబడవు. అందువల్ల పారేస్తే బతుకుతుందనే మాట అలా విడిగా నిజం కాదు. పారేసినవాటిలో సరైన మొగ్గ, సరైన చోటు కలిసినవి బతుకుతాయి. ఏళ్ల తరబడి ఈ వడపోత సాగడం వల్లే పాడుబడిన ఇళ్ల పునాదుల పక్కన ఎప్పుడూ అవే నాలుగైదు మొక్కలు కనిపిస్తాయి: ఎర్ర మెట్టతామర, గులాబీరంగు చంద్రకాంత, ఎర్ర లిల్లీ, చేమ. గోడలు కూలి ఎవరి ఇల్లో చెప్పేవారు లేకపోయినా, ఒకప్పుడు అక్కడ పెరడు ఉండేదని ఆ మొక్కలను బట్టి పోల్చుకోవచ్చు.

ఈ బతికే గుణమే గోడ దాటితే ముప్పు అవుతుంది, దాన్ని తేలికగా తీసుకోవడానికి లేదు. ఇవాళ ఈ కొండల పచ్చికబయళ్లను, పోడు విడిచిన నేలలను కమ్మేసిన తలంబ్రాల కంప (లాంటానా) ఒకప్పుడు తోటపువ్వే. పంతొమ్మిదో శతాబ్దం తొలినాళ్లలో కలకత్తా వృక్షశాస్త్ర తోటకు అలంకారం కోసం తెచ్చినది, పిట్టలు గింజలు మోసి, నరికినా కాల్చినా మొదలు నుంచి మళ్లీ లేచి ఇంతదూరం వచ్చింది. గుర్రపుడెక్కను దాని ఊదారంగు పూల కోసం అదే శతాబ్దం చివర బెంగాల్‌కు తెచ్చారు. కొరాపుట్‌లో కొండల మధ్య పల్లపు నీటిపారుదల వెంట మెట్లుగా కట్టిన వరిమళ్లను ఝోలా భూములంటారు. ఏడాది పొడుగునా తడి ఉండే ఈ మళ్లే అక్కడి పేద రైతుకు నమ్మకమైన పంట. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2012లో ప్రపంచ స్థాయి వ్యవసాయ వారసత్వంగా గుర్తించిన కొరాపుట్ సంప్రదాయ సేద్యంలో ఇవీ భాగమే. పెరటి చెత్తను ఝోలా ఎగువన గెడ్డలోకి (కొండవాగులోకి) దొర్లిస్తే, మెట్టతామర దుంపలు, అలంకారపు నీటిమొక్కలు వరద వెంట మడి మడికీ చేరతాయి. నాగావళి ఉపనదుల్లో పడినవి సరిహద్దు దాటి శ్రీకాకుళం వైపు ప్రయాణిస్తాయి. గోడ పక్కన కుప్ప వేయడానికీ గెడ్డలో పారేయడానికీ మధ్య ఉన్న తేడా చాలా పెద్దది.

తెగుళ్ల మాట కూడా చెప్పాలి. చలికాలం దాటిన దుంపతోపాటు దానిలోని వైరస్ కూడా దాటుతుంది. డాలియా కొత్త ఆకుల మీద ఈనెల వెంట పసుపు చారలు, ముడతలు, మెట్టతామర ఆకు మీద పొడుగాటి పసుపు గీతలు కనిపిస్తే అది ఎరువు లోపం కాకపోవచ్చు. అలాంటి మొక్కను ఎంత మమకారం ఉన్నా తిరిగి తోటలోకి తేకూడదు, పేనుబంక దాని రసం పీల్చి పక్క మొక్కకు అంటిస్తుంది. వేళ్ల మీద పూసల్లా బుడిపెలుంటే నులిపురుగులు ఉన్నట్టు, ఆ మట్టి కూడా పనికిరాదు.

ఆరోగ్యంగా మొలిచినదాన్ని మాత్రం తెచ్చుకోవడం న్యాయం. మొలక నాలుగు వేళ్ల ఎత్తుకు రాకముందే, వాన కాస్త తెరిపిచ్చిన పూట, చుట్టూ జానెడు దూరం వదిలి కుప్పను తొలిచి గుత్తిని మొత్తంగా పైకి తీయాలి. లాగితే మెడ విరుగుతుంది. గుత్తి పెద్దదైతే, పదునైన కత్తితో ప్రతి ముక్కకూ దుంప, మెడ, కనీసం ఒక కన్ను వచ్చేలా నిలువుగా కోసి, కోసిన చోట పొయ్యి బూడిద అద్ది, ఒక రోజు నీడలో ఆరనివ్వాలి. చదును మడిలో కాక ఎత్తైన బోదె మీద, కన్ను పైకి ఉండేలా నాలుగు వేళ్ల లోతున పెడితే శ్రావణపు ముసురులో కూడా నీరు నిలవదు. నాటిన రోజు నీళ్లు పోయవలసిన పని లేదు. మృగశిర తడి ఆ ఎర్రమట్టిలో అప్పటికే ఉంటుంది.